రాజం రైలుకు దసర బుగ్గలు

బెల్లంపల్లిల పొద్దు రెండుసార్లు పొడుస్తది. ఒకసారి అందరికి, గంట ముందుగాల రాజంకు. గని మూతపడి ఎనిమిదేండ్లాయె. అయినా మొదటి షిఫ్టుకు పోయేటోని లెక్క చీకటితోనే లేస్తడు, యాపపుల్ల నోట్ల పెడ్తడు, పెండ్లాం శంకరవ్వను లేపుతడు. శంకరవ్వ లేచి తిడ్తది. తిట్టుకుంటనే ఛాయ్ పెడ్తది. ఛాయ్ తాగి రాజం అంగి తొడుక్కొని డ్యూటీకి పోతడు. డ్యూటీ ఏడనో కాదు, పెరట్లనే.

పెరట్ల ఏమున్నది? రైలున్నది.

బొమ్మరైలే అనుకోకుండ్రి. నూనె డబ్బాలు కోసి, సాపు జేసి, రంగేసి రాజం సొంత చేతుల్తోని కట్టిన రైలు. మూరెడు ఇంజను, తొమ్మిది డబ్బలు. లోపట సీట్లున్నయి, మీద ఫ్యాన్లున్నయి, ఫ్యాన్లు తిరుగయి, అసలు రైల్ల మాత్రం అన్నీ తిరుగుతున్నయా? పాత మిక్సీ మోటరు ఇంజన్ల కూసుంటది. పట్టాలు పెరడంత చుట్టి, జామచెట్టు కింద మలుపు తిరిగి, ఒక తొర్రకెళ్లి వంటింట్లకు దూరి, ఇంకో తొర్రకెళ్లి ఎల్తయి. శంకరవ్వ బయట కూసోని ఉల్లిగడ్డలు కోసి మూడో డబ్బల ఏస్తది, లోపట కోడలు అందుకుంటది. గా సౌలతు ఢిల్లీల ఉన్నోళ్లకు సుత లేదు.

రాజం గనిల హాలేజీ డ్రైవరు. హాలేజీ అంటే పెద్ద కథేం లేదు. గని మీద ఒక ఇంజను, ఇంజనుకు ఇనుప తాడు, తాడు కొసకు బొగ్గు టబ్బులు. కింద చీకట్ల నిలవడ్డ మనిషి తీగ గుంజి గంట కొడ్తడు. ఒక గంటకు ఆపు. రెండు గంటలకు గుంజు. మూడు గంటలకు దించు. మీదున్నోనికి కిందున్నోడు కండ్ల వడడు. గంటనే మాట, గంటనే మొకం.

"ముప్పై నాలుగేండ్లు గుంజిన," అంటడు రాజం, వచ్చినోనికల్ల. "నేను గుంజిన బొగ్గంత ఒక్కకాడ పోస్తే, సూర్యుడు దానెనకకెళ్లి ఎక్కొచ్చేటాళ్లకు మధ్యాహ్నమయ్యేది."

గట్ల కోతలు కోసుడుల రాజంను మించినోడు ఆదిలాబాదు నుంచి కరీంనగరం దాంక లేడు. ఆయన కోతలతోని ఎవ్వలకు నష్టం జరుగలే. ఒక్కసారి తప్ప. గది ఎనుక చెప్త, జర ఆగుండ్రి.

ఈ యేడు రాజంకు ఒక ముచ్చట పుట్టింది. రైలుకు పండుగ లైట్లు పెట్టాలె. బతుకమ్మ షురువయిన నాడు పెడితే దసర దాంక ఎలుగాలె. డబ్బ డబ్బకు లోపట తొమ్మిది బుగ్గలు, ఎర్రయి, పచ్చయి, నీలివి. పనికి అజీముద్దీన్‌ను పిలిచిండు. అజీముద్దీన్ పెండ్లిండ్లకు, పండుగలకు లైట్లు కట్టెటోడు. ఆయన కట్టిన లైట్లకు పెండ్లిపిల్ల కంటే ముందుగాల దిష్టి తీస్తరు.

"ఒక్కో డబ్బకు వేరే లైను ఇస్త రాజన్నా," అన్నడు అజీముద్దీన్. "ఒక్క బుగ్గ పోతే గా ఒక్క డబ్బనే చీకటయితది."

"నడువ్ నడువ్. అన్నీ ఒక్క తీగకే కట్టు."

"ఒక్క తీగకు కడితే ఒక్క బుగ్గ పోయినా అన్నీ పోతయి యార్! జర సమజ్ చేస్కో."

"టబ్బులన్నీ ఒక్క తాడుకే ఉంటయి అజీం భాయ్. పోతే అందరం పోవాలె, వస్తే అందరం రావాలె. గనిల గదే కానూను."

"గది తాడు, గిది కరెంటు!"

"నాకు కరెంటు నేర్పకు. ముప్పై నాలుగేండ్లు కరెంటు ఇంజను నడిపిన."

"నువ్వు నడిపింది లివరు," అన్నడు అజీముద్దీన్, అని తల కొట్టుకొని ఒక్క తీగకే కట్టిండు. ఏమైతది? అనుకున్నదే అయింది. యాడనో ఒక్క బుగ్గ వదులైతది, ఎనభై ఒక్క బుగ్గలు ఆరిపోతయి. అజీముద్దీన్ మోకాళ్ల మీద పాకుకుంట డబ్బ డబ్బకు మూతి పెట్టి ఎతుకుతడు. మూడు దినాలకు ఆయన పాంటు మోకాళ్ల కాడ అద్దం లెక్క మెరిసింది.

మొదటినాడు, ఎంగిలిపూల బతుకమ్మకు, పొద్దూకంగ స్విచ్చేసిండ్రు. డబ్బలన్నీ ఎలిగినయి. ఎలుగుతనే కిటికీలల్ల మనుషులు కనవడ్డరు.

బొటనవేలంత మనుషులు. కొందరు పండుకున్నరు, కొందరు పల్లీలు తింటుండ్రు, ఒక ముసలాయన సీటు కోసం లొల్లి పెట్టుకుంటుండు. పక్కింటి లస్మవ్వ తంగేడు పూలకని వచ్చింది, వంగి సూసింది.

"మా మరిది మల్లేషు వస్తుండు. నాలుగో డబ్బ, మీది బెర్తు. ఇంకింత బియ్యం పొయ్యాలె," అన్నది, పూలు తీస్కొని పోయింది.

"వోల్టేజి మంచిగున్నది," అన్నడు అజీముద్దీన్.

"కిటికీలకు జాలి పెట్టుడు మర్సిన," అన్నడు రాజం.

గంతే ముచ్చట. కాజీపేట దిక్కుకెళ్లి బెల్లంపల్లికి ఏ బండి వస్తుంటే గా బండి రాజం డబ్బలల్ల కనవడుతది. అర్ధగంటకు మల్లేషు సంచి ఊపుకుంట వాడకట్టుల దిగనే దిగిండు, లస్మవ్వ సంగతి చెప్పుడు చెప్పుడే రాజం ఇంటి మీదికి లొల్లికొచ్చిండు.

"ఏం రాజన్నా, మంచిర్యాల దాటినంక లైట్లన్నీ బంద్ పెట్టినవేంది? పూరీ నోట్ల పెట్టుకుంటున్ననుకొని ముక్కుల కుక్కుకున్న!"

"ఏడో డబ్బల బుగ్గ వదులైంది. నీ లెక్క," అన్నడు రాజం.

అసలు బండిల సుత డబ్బ డబ్బకు ఎర్ర పచ్చ లైట్లు ఎలుగవట్టినయని దిగినోళ్లందరు చెప్పిండ్రు. టీసీ మాత్రం, పండుగ కదా, పైనుంచి ఆర్డరొచ్చి ఉంటదని ఊకున్నడట.

ఇగ వాడకట్టు ఆగుతదా? పొద్దూకితే చాలు, రాజం పెరట్ల పీటలేసుకొని కూసునుడే. "మా తమ్ముడు ఎక్కిండా?" "మా పిల్ల సంచి మర్సిపోలే గదా?" ఎదురింటి మంజులైతే మందమర్రి దాటంగ తన అత్తను రెండో డబ్బల సూసింది. గా పది నిమిషాల్ల ఇల్లు ఊడ్చింది, టీవీ బంద్ జేసింది, జ్వరం సుత తెచ్చుకున్నది.

ఆఖరినాడు, సద్దుల బతుకమ్మకు, అజీముద్దీన్ ఎప్పటి లెక్క మోకాళ్ల మీదున్నడు. బుగ్గ తిప్పుకుంటనే ఒక మాటన్నడు.

"రాజన్నా, హనుమండ్లన్న ఫోన్ జేసిండు."

రాజం చేతుల రంగు కుంచె ఆగింది.

"జమ్మికుంట పత్తి యార్డుల కాపలా పని ఇడిసిపెట్టిండట. దసరనాడు పొద్దుమీకి బండికి బల్లార్షా పోతుండట, బిడ్డ కాడికి. ఇగ ఇటు మొకం రాడట. ఈడి ఇల్లు ఎవలకన్న అమ్మిపెట్టుమని నాకు చెప్పిండు. నీ రైలు లైట్ల ముచ్చట నేను సుత ఆయనకు చెప్పిన."

గా ఇల్లు ఏదో కాదు, రాజం పెరడు పక్క గోడదే. పదకొండేండ్ల సంది తాళమే. తాళానికి తుప్పు పట్టింది, తుప్పు మీద సాలెపురుగు ఇల్లు కట్టింది.

ఇందాక ఎనుక చెప్త అన్న ముచ్చట గిదే.

హనుమండ్లు గని లోపట గంట కొట్టెటోడు, రాజం గని మీద లివరు గుంజెటోడు. ఇద్దరిది ఇరవై మూడేండ్ల జత. బయట ఒక్క సీసల కల్లు తాగిండ్రు, ఒక్క తీరు బీడీ కాల్చిండ్రు. హనుమండ్లు గంట కొడితే మోతను బట్టే రాజం చెప్పేటోడు, "ఇయ్యాల హనుమండ్లుకు ఇంట్ల లొల్లయింది" అని.

పదకొండేండ్ల కింద ఒకనాడు లోపట ఒక టబ్బు పట్టాలు దిగింది. హనుమండ్లు కాలు ఇరికింది. గంట కొట్టిండు. ఒక్కటి. ఆపు అని. మీద రాజం పంపు డ్రైవరుకు కథ చెప్తుండు, ప్రాణహితల తను పట్టిన చేప కథ. గంట ఒక్కటి మోగింది, మంచిగ ఇనవడ్డది. కని చెయ్యి లివరు మీద లేదు. రెండు చేతులు గాలిల ఉన్నయి, చేప పొడుగు సూపెడుతున్నయి. చెయ్యి దిగి లివరు అందుకునేలోపట టబ్బు జానెడు జరిగింది. హనుమండ్లుయి రెండు కాలివేళ్లు పోయినయి.

గని సార్లు వచ్చిండ్రు, ఏమైందని అడిగిండ్రు. రాజం నోట్లెకెళ్లి ఎల్లిన మాట ఏందంటే, "రెండు కొట్టిండు సార్. గుంజుమన్నడని గుంజిన."

కోతలు కోసి కోసి నాలికె సాపుగున్నది, గా మాట సుత సాపుగనే జారింది. జారినంక మల్ల లోపటికి పోలే.

"ఒక్కటే కొట్టిన!" అని హనుమండ్లు నాలుగు నెలలు కనవడ్డోనికల్ల చెప్పిండు. ఎవ్వలు నమ్మలే. పేరు పడ్డది: రెండు గంటల హనుమండ్లు. హోటల్‌కు పోతే "అన్నా, ఒక్క ఛాయా, రెండా?" అందురు. పోరగాండ్లు సైకిల్ గంట రెండుసార్లు కొట్టి ఉరుకుదురు. తట్టుకోలేక ఇంటికి తాళమేసి జమ్మికుంటకు పోయిండు. గంతే. బెల్లంపల్లి మీదికెళ్లి రైలు పోయినా దిగలే.

"ఫోన్ కలుపనా?" అన్నడు అజీముద్దీన్.

"ఫోన్ల ఏమని చెప్పాలె?" అన్నడు రాజం. కుంచె నీళ్లల్ల ముంచాల్సింది పోయి ఛాయ్‌ల ముంచిండు. తాగిండు సుత.

దసరనాడు పొద్దుగాలనే ఇంజనుకు పసుపు కుంకుమ పెట్టి, చక్రం కింద నిమ్మకాయ పెట్టి, కొబ్బరికాయ కొట్టిండు. పొద్దూకంగ ఊరంత జమ్మి కాడికి పోయింది. దసరనాడు జమ్మి ఆకు తెంపుకొచ్చి, బంగారమని ఒకల చేతుల ఒకలు పెట్టి, కావలించుకొని అలాయ్ బలాయ్ తీసుకుంటరు. ఎంత పగున్నోడైనా గా ఒక్క పూట కాదనొద్దు. రాజం మాత్రం మోకాలు నొస్తుందని పెరట్లనే కూసున్నడు. పోయొచ్చిన శంకరవ్వ నాలుగు రెమ్మలు ఆయన చేతుల పెట్టింది. ఆయన జేబుల ఏసుకున్నడు.

స్విచ్చేసిండు. బండి మంచిర్యాలల కదులుతుంది.

ఆరో డబ్బల హనుమండ్లు ఉన్నడు.

వెంట్రుకలు తెల్లగైనయి. మెడల తువాల, ఒళ్లె ఇనుప పెట్టె. బెల్లంపల్లి దిక్కు కిటికీకి ఎన్ను పెట్టి, అవతలి కిటికీ దిక్కు మొకం పెట్టి కూసున్నడు. ఊరు కండ్ల పడొద్దని. కుడికాలు చెప్పుల వేళ్లుండాల్సినకాడ సందు కనవడుతుంది. బొటనవేలంత మనిషికి గంత సందు ఎట్ల కనవడ్డదంటే, సూసేటోడు పదకొండేండ్ల సంది గా సందునే సూస్తుండు కాబట్టి.

"హనుమండ్లూ!" అని పిలిచిండు రాజం. డబ్బకు మూతి పెట్టి ఇంకా జోరుగ పిలిచిండు.

"ఇనవడదు రాజన్నా," అన్నడు అజీముద్దీన్. "లైటు పోతదే గని సప్పుడు పోదు."

లస్మవ్వ, మంజుల, మల్లేషు అందరు పీటల మీది నుంచి లేచిండ్రు. బండి రవీంద్రఖని దాటింది. రెండు నిమిషాలు ఆగుతది బెల్లంపల్లిల. గా రెండు నిమిషాలు హనుమండ్లు ఇటు మొకం తిప్పకపోతే, ఇగ ఈ జన్మకు కథ ఒడిసినట్టే.

రాజం స్విచ్చు మీద చెయ్యేసిండు. ఆర్పి ఎలిగించిండు. మల్లోసారి ఆర్పి ఎలిగించిండు.

ఆరో డబ్బల హనుమండ్లు తలెత్తి బుగ్గ దిక్కు సూసిండు. సూసి, మూతి పక్కకు తిప్పి నవ్విండు. మంచి నవ్వు కాదు. పెట్టె ఇంకింత దగ్గరికి గుంజుకొని, ఎన్ను ఇంకింత ఇటు తిప్పిండు.

"ఎన్నిసార్లు ఆర్పినవ్?" అన్నది శంకరవ్వ.

"రెండు."

"ఆనాడు నీకు ఎన్ని ఇనవడ్డయి?"

రాజం స్విచ్చు మీదికెళ్లి చెయ్యి తీసిండు.

"నీతోని పండుకునేదాన్ని నేను, ఆ సార్లు కాదు. పదకొండేండ్ల సంది నిద్రల ఒక్కటి, ఒక్కటి అని కలవరిస్తవు. నేనేమో ఇంకో రొట్టె అడుగుతున్నవనుకొని ఇన్నొద్దులు ఊకున్ననా? మొగోనివి, నీ నోటితోని నువ్వే అంటవని సూసిన."

అందరున్నరు. లస్మవ్వ ఉన్నది, ఆమెకు ఎరుకైతే జిల్లాకంత ఎరుకైనట్టే. బండి మందమర్రిల ఆగింది, కదిలింది. రాజం స్విచ్చు దిక్కు సూసిండు. మల్ల చెయ్యేసిండు.

ఒక్కసారి ఆర్పిండు. ఎలిగించిండు. చెయ్యి తీసి పక్కకు పెట్టిండు.

అన్ని డబ్బలు ఒక్క తీగకే ఉండె గదా, బండి బండంత ఒక్కసారి చీకటై మల్ల ఎలిగింది. తొమ్మిది డబ్బలల్ల అందరు మీదికి సూసిండ్రు. ఏం లేదనుకొని మల్ల పల్లీలల్ల పడ్డరు. హనుమండ్లు మాత్రం పడలే. బుగ్గను సూస్తనే ఉన్నడు. మెల్లగ ఒక్క వేలు మీదికి లేపిండు, అడిగినట్టు.

రాజం ఇంకోసారి ఆర్పి ఎలిగించిండు. ఒక్కసారే.

హనుమండ్లు పెట్టె నెత్తిన పెట్టుకొని తలుపు దిక్కు నడిచిండు. ఆయనెనుక ఇంకిద్దరు ముసలోళ్లు లేచిండ్రు. ఎవలో పాత గని మనుషులు, ఆపుమంటే ఆగే అలవాటు.

"అజీం భాయ్, స్కూటర్!" అని ఒర్రిండు రాజం.

చెప్పులు సుత ఏసుకోలే. అజీముద్దీన్ స్కూటర్ ఎంత జోరుగ పోయిందంటే, దానెనుక దాని సప్పుడు రెండు నిమిషాలకొచ్చింది. వీళ్లు ప్లాట్‌ఫారం ఎక్కేటాళ్లకు బండి ఆగి ఉన్నది. హనుమండ్లు ఆరో డబ్బ తలుపుల నిలవడ్డడు. ఒక కాలు మెట్టు మీద, ఒక కాలు లోపట. దిగుతలేడు.

"ఎన్ని కొట్టినరా నేను?" అన్నడు.

"ఒక్కటి," అన్నడు రాజం.

"జోరుగ చెప్పు. గా ఛాయ్ అమ్మెటాయనకు ఇనవడలే. ఆయనే నాకు రెండు ఛాయ్‌లు పోసెటోడు."

రాజం ఊపిరి తీసుకున్నడు. ఇనుండ్రి, బెల్లంపల్లి స్టేషన్ల మైకు సుత గంత జోరుగ ఒర్రదు. "ఒక్కటే కొట్టినవ్ హనుమండ్లూ! నాకు మంచిగ ఇనవడ్డది! చెయ్యి లివరు మీద లేకుండె! చేప పొడుగు సూపెట్టుకుంట కూసున్న! నీ తప్పు లేదు, తప్పు నాది, అబద్ధమాడిన!"

ప్లాట్‌ఫారం మీద అందరు ఆగిండ్రు. ఛాయ్ పోసెటాయన చేతుల కెటిలి ఒంగినకాడనే ఉన్నది, గిలాస నిండి పొర్లుతుంది.

"ఎంత పొడుగు?" అన్నడు హనుమండ్లు.

"ఏంది?"

"గా చేప. నా రెండు వేళ్లు తిన్న చేప. ఎంత పొడుగు?"

రాజం చేతులు రెండు బార్ల జాపిండు. హనుమండ్లు సూస్తనే ఉన్నడు. రాజం చేతులు జర దగ్గరికొచ్చినయి. ఇంకా సూస్తుండు. ఇంకా దగ్గరికొచ్చినయి. గార్డు సీటీ కొట్టిండు. చేతులు వచ్చి వచ్చి జానెడు కాడ ఆగినయి.

"గింతే," అన్నడు రాజం. "గింత సుత ఉండకపోవచ్చు."

హనుమండ్లు దిగిండు. బండి కదిలింది. రాజం జేబుల జమ్మి రెమ్మలు తీసి ఆయన చేతుల పెట్టిండు. ఇద్దరు అలాయ్ బలాయ్ తీసుకున్నరు. ఒక భుజం, ఇంకో భుజం, మల్ల మొదటి భుజం. ఒకసారి షురువైతే ఇడుస్తలేరు.

"పెట్టె నా కాలు మీద పెట్టిండ్రు అన్నా," అన్నడు కిందికెళ్లి అజీముద్దీన్. "నా వేళ్లు సుత తీస్కుంటరా ఏంది?"

ఇంటికొచ్చేటాళ్లకు వాడకట్టు వాడకట్టంత గేటు కాడ నిలవడ్డది. లస్మవ్వ తన పని తను చేసింది మరి. శంకరవ్వ రాయి తీస్కొని పక్కింటి తాళం మీద ఒక్క దెబ్బ కొట్టింది. తాళం ఊడి పడ్డది. "తాళంచెవి నా కాడున్నది గదనే!" అన్నడు హనుమండ్లు. "నీ పెట్టెల ఎతికేటాళ్లకు తెల్లారుతది," అన్నది, ఊడ్చుడు షురూ జేసింది.

పెరట్ల రైలు ఎలుగుతనే ఉన్నది. బండి రేచిని రోడ్డు దాటిపోయినట్టున్నది, డబ్బలన్నీ ఖాళీ. ఆరో డబ్బల సీటు మీద మాత్రం ఒక్క జమ్మి ఆకు ఉన్నది. శంకరవ్వ సూసి, తీసి, కండ్లకు అద్దుకొని కొప్పుల పెట్టుకున్నది.

బల్లార్షాల బిడ్డకు ఫోన్ జేసి, "పండుగకు పండుగకు వచ్చి పోత బిడ్డా, నాకు ఈడ డ్యూటీ వడ్డది" అన్నడు హనుమండ్లు. ఏం డ్యూటీ అంటే, పెరట్ల జామచెట్టుకు ఒక గంట కట్టిండ్రు, గోడ మీదికెళ్లి హనుమండ్లు ఇంట్లకు తీగ గుంజిండ్రు. ఇప్పుడు రాజం రైలు ఆయన గంట కొడితేనే కదులుతది.

పోరగాండ్లు సైకిల్ గంట రెండుసార్లు కొట్టుడు ఇడిసిపెట్టలే. కని ఇప్పుడు రాజం గేటు ముందట కొడుతుండ్రు. "రెండు గంటల రాజం తాతా!" అని ఒర్రి ఉరుకుతుండ్రు. రాజం కోపానికొస్తలేడు. "వస్తున్న బిడ్డా," అంటుండు.

కోతలు కోసుడు బంద్ జేసిండా అంటే, గది ఎట్లయితది? చేప మల్ల పెరుగుడు షురువైంది. మొన్న మూరెడు దాటింది. కని ఒక్కటి సూసిన, చేతులు జాపే ముందుగాల బండి ఆపి చెప్తుండు.